గోదావరి డెల్టాలో చుట్టు తిరిగి వచ్చే నడక దారులు: ఏటిగట్టు మీద వెళ్లి కాలువ గట్టున రావడానికి ఎక్కడెక్కడ వీలుంది?

గట్టుబాట (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. చలి మొదలైంది, సార్వా (ఖరీఫ్ వరి) కోతలు చివరికొచ్చాయి. మన డెల్టాలో నడవడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. మా మిత్రులం కొందరం ఆదివారాలు నడకకు వెళ్తున్నాం. బండి ఎక్కడ పెట్టామో నడక అక్కడే ముగియాలి. అయితే వెళ్లిన దారినే వెనక్కి రాకూడదు. అలాంటి దారులు మీకు తెలిసినవి చెప్పండి. ఒక పూటలో పూర్తయ్యేవి అయితే పిల్లల్ని, పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లొచ్చు.

ముందు నా ఆలోచన చెబుతాను. మన దగ్గర కొండలు లేవు కాబట్టి నేలంతా ఒకే మట్టంగా ఉంటుందని బయటివాళ్లు అనుకుంటారు. నడిస్తే తేడా తెలుస్తుంది. వరద వచ్చిన ప్రతిసారీ నది తన ఒడ్డునే ఎక్కువ ఒండ్రు దింపుతూ వచ్చింది. అందుకే ఏటి పక్క నేల మెరక, రెండు పాయల నడిమి నేల పల్లం. మెరకలో కొబ్బరి, అరటి, ఊళ్లు. పల్లంలో వరి. పంట కాలువ మెరక పట్టుకుని పోతుంది, మురుగు కాలువ పల్లం వెతుక్కుంటూ పోతుంది. కాబట్టి ఏటిగట్టు ఎక్కి కొంతదూరం నడిచి, ఏదో ఒక పుంత (పొలాల్లోకి వెళ్లే బండి బాట) పట్టుకుని చేలల్లోకి దిగి, మురుగు కాలువ దాటి, పంట కాలువ గట్టు మీదుగా ఊళ్లోకి రావాలి. అలా వస్తే ఒక్క పూటలో డెల్టా ఎలా పుట్టిందో, ఎలా బతుకుతోందో రెండూ కంటికి కనిపిస్తాయి. గట్టు మీదే వెళ్లి గట్టు మీదే వస్తే సగమే చూసినట్టు.

లంకగాలి (ఆత్రేయపురం)

గట్టుబాట గారూ, మీరు చెప్పిన లెక్కకు సరిగ్గా సరిపోయేది మా లొల్ల–వాడపల్లి–ఆత్రేయపురం చుట్టు. ఇది కొంచెం వివరంగా రాస్తాను.

బండి లొల్ల లాకుల దగ్గర పెట్టుకోండి. నడక మొదలుపెట్టే ముందు లాకుల దగ్గర కాసేపు ఆగండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా. మట్టం మారే చోట పడవ దిగడానికి లాకు కట్టారు. రెండు తలుపుల మధ్య ఒక గది అన్నమాట. పడవ లోపలికి రాగానే వెనక తలుపు వేసేవారు. గదిలో నీళ్లు మెల్లగా కిందికి వదిలేవారు. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపు తీసేవారు. రోడ్లు లేని రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు అన్నీ ఇలాగే కదిలాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. మన కాలువ గట్లు నడకకు ఇంత బాగుంటాయంటే, మొదటినుంచీ నడిచినవాళ్లు ఉన్నారు కాబట్టే.

లాకుల నుంచి వాడపల్లి రోడ్డు పట్టుకోండి. రెండు వైపులా అరటి, మధ్యలో కొబ్బరి. వాడపల్లి వెంకన్న గుడి గోదావరి పాయ గౌతమి ఒడ్డునే. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి. ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లు వేలల్లో వస్తారు, ఆ రోజు రోడ్డు మీద నడవడానికి చోటుండదు. మిగతా రోజుల్లో దర్శనం చేసుకుని, గుడి వెనకనుంచి గట్టు ఎక్కి ఆత్రేయపురం వైపు నడవండి. ఎడమ చేతి వైపు తోటలు, కుడి చేతి వైపు గౌతమి. నీళ్లు తగ్గాక బయటపడిన లంక (నది మధ్య దీవి) నేలల్లో కూరగాయలు వేసి ఉంటాయి. పొద్దున్నే అయితే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి.

తర్వాత గట్టు దిగి ఏదైనా పుంత పట్టుకుంటే ఆత్రేయపురం వస్తుంది. పూతరేకులు కొనుక్కుని వెళ్లిపోకండి, రేకు తీసే ఇంట్లో కాసేపు కూర్చోండి. బోర్లించిన కుండ కింద మంట. పక్కన గిన్నెలో పాలలాంటి పల్చటి బియ్యప్పిండి నీళ్లు. అందులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరుస్తూ లాగుతారు. గుడ్డ ఇవతలికి వచ్చేసరికి రేకు తయారు. అంచు పట్టుకుని ఎత్తితే వెలుగు అవతలికి కనిపిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ల ఓపిక చూస్తే, కొన్న డబ్బాకి బేరం ఆడబుద్ధి కాదు. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అక్కడినుంచి ప్రధాన కాలువ గట్టు మీద నీటితో పాటే కిందికి నడిస్తే మళ్లీ లొల్ల. పొద్దు పొడవకముందే మొదలుపెడితే ఎండ ముదిరేలోపు బండి దగ్గర ఉంటారు.

బొండాం (రావులపాలెం)

లంకగాలి గారూ, సూపర్. ఓపిక ఉన్నవాళ్లు ర్యాలి కూడా కలుపుకోవచ్చు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం చూడాల్సిందే. ఒకే రాయి, ముందు కేశవుడు, వెనక మోహిని. అయితే పిల్లలతో ఆ దూరం కష్టం, ఆటో చూసుకోండి.

పాత లస్కరు (పి.గన్నవరం)

కాలువల మీద పనిచేసి రిటైరైనవాడిని. దారులు బాగానే చెబుతున్నారు, అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. డెల్టాలో చుట్టు ఎంత పెద్దదో మీ కాళ్లు నిర్ణయించవు, వంతెనలు నిర్ణయిస్తాయి.

ఫోన్లో మ్యాపు చూస్తే అవతలి గట్టు పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో మురుగు కాలువ ఉంటుంది. దాటాలంటే వంతెన కావాలి. అది ఒక్కోచోట దగ్గరలో ఉంటుంది, ఒక్కోచోట ఊరు దాటి ఊరు వెళ్లాలి. రైతులు వేసుకున్న తాటిదుంగలు, కొబ్బరి మొద్దులు ఉంటాయి కానీ అవి మ్యాపుల్లో ఉండవు, వరదొస్తే చోటు మారతాయి. తడిసిన మొద్దు మీద పాచి ఉంటుంది. అలవాటు లేనివాళ్లు ఎక్కకూడదు. అందుకని ముందు వంతెనలు గుర్తుపెట్టుకుని, వాటిని కలుపుతూ దారి గీసుకోండి. దారి గీసుకుని తర్వాత వంతెన వెతకొద్దు.

రెండోది కాలం. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, జూన్లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఆ మధ్యలో కాలువలో బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ ఉండదు, పైన ఎండ. జులై నుంచి సెప్టెంబరు వరకు ఏటిగట్టు జోలికి వెళ్లకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందంటే లంకల కాజ్‌వేలు మునుగుతున్నాయని అర్థం. మూడోదానికి ఏటిగట్టునే కాపలా కాయాల్సిన పరిస్థితి. 1986 ఆగస్టులో వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్లకు గండ్లు పడి ఊళ్లకు ఊళ్లే మునిగాయి. ఆ రాత్రులు చూసినవాళ్లు గట్టు మీద ఎలుక బొరియ కనబడినా ఆగి చూస్తారు. మీరూ చూడండి. పెద్ద బొరియ గానీ, లోపలివైపు ఊట గానీ కనబడితే ఊళ్లో ఎవరికైనా చెప్పండి. నడిచేవాళ్ల కళ్లు గట్టుకి మంచివి.

వైనతేయ తీరం (మామిడికుదురు)

లస్కరు బాబాయ్ గారికి నమస్కారం. మా ఊరి వైపు దారి చెబుతాను, మీరే సరిచూడాలి.

పాశర్లపూడి దగ్గర బండి పెట్టి గోదావరి పాయ వైనతేయ గట్టు మీదుగా అప్పనపల్లి వెళ్లొచ్చు. బాల బాలాజీ గుడి గోదారి ఒడ్డునే. మధ్యాహ్నం అయితే అన్నప్రసాదం కూడా దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో గట్టు ఎక్కకుండా కొబ్బరి తోటల మధ్య పుంతల్లోంచి మామిడికుదురు వైపు వచ్చి కలవాలి. కొబ్బరి కింద కోకో, అరటి, కంద, పోక, మిరియం తీగ. ఎండ నేల మీద పడదు. దింపు జరిగే రోజైతే చెట్టు కిందకి పోకుండా దూరంగా నిలబడి చూడండి. కింద రాశి పోసిన కాయల దగ్గర ఒలుపు చేసేవాళ్లు పాతిన గునపం మీద కాయను రెండు మూడు విసుర్లలో ఒలిచేస్తారు. అప్పనపల్లి వైపు లోతట్టు దారులు వరదకి ముందే మునుగుతాయి. చలికాలంలోనే పెట్టుకోండి.

పాత లస్కరు (పి.గన్నవరం)

సరిగ్గానే చెప్పావు బాబూ. దానికి ముందో వెనకో మా గన్నవరం అక్విడక్టు కూడా చూపించు. కింద వైనతేయ పోతుంటే పైన కాలువ పోతుంది. నదిని నది దాటినట్టుంటుంది. కాటన్ దొర కాలంలో, 1850లలో కట్టింది పాతది. రాజోలు దీవికి సాగునీరూ తాగునీరూ దీని మీదుగానే వెళ్లాయి. పక్కనే కొత్తది కట్టాక పాతదాని మీద నీటి బరువు తగ్గింది. కింద ఇసుక తేలిన రోజుల్లో కిందికి దిగి ఆ కమానులు చూడండి. నా ఉద్యోగమంతా పైన నీళ్లు చూస్తూ గడిచింది, కిందనుంచి చూస్తేనే ఆ పని విలువ తెలుస్తుంది.

సైకిల్ సవారీ (రాజమహేంద్రవరం)

ఇవన్నీ సైకిల్ మీద అయితే ఒక్క రోజులో రెండు చుట్లు కొట్టొచ్చు కదండీ? గట్లు చదునుగానే ఉంటాయి. ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం, బొబ్బర్లంక, లొల్ల, అన్నీ ఒకే రోజు చూడొచ్చు. నడకైతే ఒక ఊరితోనే రోజు అయిపోతుంది.

గట్టుబాట (అమలాపురం)

తమ్ముడూ, సైకిల్ మీద రావొద్దని అనను. బ్యారేజీ నుంచి లొల్ల దాకా సైకిలే మంచిది. కానీ పుంతలో సైకిల్ దిగి నెట్టుకోవాల్సిందే, చేనుగట్టు మీద అసలు పోదు. ఇంకో సంగతి. సైకిల్ మీద పోయేవాడిని ఊళ్లో ఎవరూ పలకరించరు. నడిచి వచ్చేవాడిని అరుగు మీదనుంచి "ఎవరింటికండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నతోనే సగం ఊరు మనకి తెలుస్తుంది. మంచినీళ్లిస్తారు, అడ్డదారి చెబుతారు, వంతెన విరిగిందని హెచ్చరిస్తారు. ఒక ఊరితో రోజు అయిపోతే అయిపోనివ్వండి. నాకు కావలసింది అదే.

గోదారింటి కోడలు (ముమ్మిడివరం)

నాదో మాట. మా ఆడవాళ్లం నలుగురం కలిసి నడుస్తాం. దారులు చెప్పేవాళ్లు బాత్రూమ్ సంగతి ఎప్పుడూ రాయరు. గుడి ఉన్న ఊరు దారి మధ్యలో పడేలా చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. అందుకే మాకు నచ్చింది కోటిపల్లి–ముక్తేశ్వరం–అయినవిల్లి.

బండి కోటిపల్లిలో పెట్టి సోమేశ్వరుడిని చూసుకుని రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) ఎక్కుతాం. గౌతమి దాటాక ముక్తేశ్వరం. క్షణ ముక్తేశ్వరస్వామి గుడి దగ్గర ఆగి, గట్టు మీదుగా కొంతదూరం నడిచి లోపలికి తిరిగి అయినవిల్లి వినాయకుడి దగ్గరికి వెళ్తాం. పరీక్షల ముందు పిల్లలకి పెన్నులు పూజ చేసి పంచేది ఈ గుడిలోనే. తిరిగి రావడం పంట కాలువ పక్క రోడ్డు మీద. నదిని మాత్రం రెండుసార్లు అదే రేవులో దాటాలి, అది తప్పదు. అయినా వెళ్లేటప్పటి గోదారి వేరు, ఎండెక్కాక వచ్చేటప్పటి గోదారి వేరు. పంటు మీదనుంచి నరసాపురం రైలు మార్గం కోసం నదిలో కట్టిన స్తంభాలు కనిపిస్తాయి. మా అత్తగారు పెళ్లినాటి నుంచి ఆ రైలు గురించే వింటున్నారు.

చివరి పంటు ఎన్ని గంటలకో ఎక్కేటప్పుడే అడగండి. గాలి ఎక్కువున్నా, నీళ్లు పెరిగినా ఆపేస్తారు. అటు పక్క చిక్కుకుంటే రావులపాలెం మీదుగానో, ఎదుర్లంక వంతెన మీదుగానో చుట్టూ తిరిగి రావాలి.

బొండాం (రావులపాలెం)

అక్కా, బాత్రూమ్ పాయింట్ నిజంగా అవసరమైనది. అన్ని దారుల కింద ఇది రాయాలి.

అరుగు మీద మాస్టారు (అంబాజీపేట)

పిల్లలు ఈ చర్చ చూపించారు, సంతోషం వేసింది. మన ప్రాంతంలో చుట్టు నడక కొత్తది కాదు. సప్తసాగర యాత్ర అని ఉంది. చొల్లంగి అమావాస్య నాడు చొల్లంగిలో సముద్ర స్నానంతో మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలు కడలిలో కలిసే చోట్లన్నీ తిరిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరేవారు. అప్పట్లో వంతెనలెక్కడివి? నడక, పడవ, మళ్లీ నడక. దారిలో ఊరివాళ్లే భోజనం పెట్టేవారు. ఇప్పుడు ఎక్కువమంది కార్లలో ఆ స్నానాలు చేస్తున్నారు. కాళ్లతో వెళ్లేవాళ్లు తగ్గిపోయారు.

మా వైపు ఒక దారి చెబుతాను. మొసలపల్లి శివారులో జగ్గన్నతోట ఉంది. గుడి లేదు, గోపురం లేదు, కొబ్బరి చెట్ల మధ్య ఖాళీ స్థలం. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్లనుంచి పదకొండు రుద్రుల ప్రభలు (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన అలంకరణ చట్రాలు) అక్కడికి వస్తాయి. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, ఇలా ఒక్కో ఊరిదీ ఒక్కో ప్రభ. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నదిలోకి దిగి, పీకల్లోతు నీళ్లలో భుజాల మీద అవతలికి వస్తాయి. చేను అడ్డొస్తే చేనులోంచే తీసుకెళ్తారు. పైరు తొక్కారని ఏ రైతూ అనడు, ప్రభ నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం.

కనుమ నాడు జనం ఎక్కువ, నడక సాగదు. మామూలు రోజుల్లో రండి. గంగలకుర్రు దగ్గర మొదలుపెట్టి కౌశిక గట్టు వెంబడి నడిచి, జగ్గన్నతోటలో కూర్చుని, మొసలపల్లి మీదుగా తిరిగి రావచ్చు. ప్రభలు కౌశిక ఎక్కడ దాటతాయో ఊళ్లో ఎవరినడిగినా చూపిస్తారు. ఆ చోట నిలబడి ఒడ్డు వాలు చూసి, అంత ఎత్తు ప్రభను ఇక్కడ దించి ఎత్తడం ఎలా సాధ్యమో ఆలోచించండి.

సైకిల్ సవారీ (రాజమహేంద్రవరం)

మాస్టారూ, మీ దారికి మాత్రం సైకిల్ వదిలేసి వస్తానండీ.

ఉప్పుగాలి (సఖినేటిపల్లి)

సముద్రం పక్క దారి ఒకటి నేను కలుపుతాను. అంతర్వేదిలో నరసింహస్వామి గుడి దగ్గర మొదలుపెట్టి, గుర్రాలక్క గుడి, లైట్‌హౌస్ చూసుకుని తీరం వెంబడి అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున తిరిగి గుడికి రావచ్చు. ఆ గట్టు దగ్గర నది నీళ్లు ఒక రంగు, సముద్రం నీళ్లు ఒక రంగు. పోటు లేని వేళ చూసుకోండి. అక్కడ ఎప్పుడూ స్నానానికి దిగొద్దు, ఇసుక కాళ్ల కింద జారిపోతుంది. రథోత్సవం రోజుల్లో కూడా వద్దు.

ఒక బాధ చెప్పాలి. తీరం వైపు నడక దారులు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఒక పక్క సముద్రం కోస్తోంది. ఇంకో పక్క రొయ్యల చెరువులు. చిన్నప్పుడు మేం స్కూలుకి వెళ్లిన పుంత ఇప్పుడు రెండు చెరువుల మధ్య కంచె వేసి ఉంది. అడిగితే "దొంగతనాల భయం" అంటారు. వాళ్ల భయం నిజమే కావచ్చు, కోట్లు పెట్టుబడి పెట్టారు. కానీ పుంత అంటే ఊరందరిదీ కదండీ. బండ్లు, పశువులు, శవయాత్రలు అన్నీ దాంట్లోంచే వెళ్లేవి.

గట్టుబాట (అమలాపురం)

ఉప్పుగాలి గారూ, మీ బాధ మా అందరిదీ. పుంతలు రెవెన్యూ రికార్డుల్లో ఉంటాయి, ఊరి పటంలో గీత కనబడుతుంది. పంచాయతీలో ఆ పటం చూపించమని అడగొచ్చు. ఎవరూ నడవని దారిని మూసేయడం తేలిక, వారం వారం జనం నడిచే దారిని మూయడం కష్టం. మనం నడవడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను.

వైనతేయ తీరం (మామిడికుదురు)

ఇంకొన్ని జాగ్రత్తలు. చలికాలం పొద్దున్న పాములు ఎండ కాగడానికి గట్టు మీదకి వస్తాయి. గడ్డిలో అడుగు వేసేముందు కర్రతో తట్టండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఒకవేళ కాటు వేస్తే కోయడం, బిగించి కట్టడం వద్దు. కాలు కదలకుండా ఉంచి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. ఇసుక రేవులున్న చోట గట్టు మీద లారీలు, ట్రాక్టర్లు తిరుగుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. ఊడ్చిన దాళ్వా (రెండో పంట వరి) చేలగట్ల మీద నడవాల్సి వస్తే రైతుని అడిగి, ఒకరి వెనక ఒకరు నడవండి. మెత్తటి గట్టు విరిగితే నీళ్లు పక్క మడిలోకి పోతాయి.

గోదారింటి కోడలు (ముమ్మిడివరం)

ప్లాస్టిక్ సీసాలు మోసుకెళ్లొద్దు. దారంతా కొబ్బరి బొండాలే కదా. కొన్నా వాటి డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

గట్టుబాట (అమలాపురం)

అందరికీ చాలా థాంక్సండీ. ఈ ఆదివారం లొల్ల చుట్టుతో మొదలుపెడదాం. ఉదయం ఆరింటికి లాకుల దగ్గర. ఆ తర్వాత కోటిపల్లి, సంక్రాంతి వెళ్లాక మాస్టారి దారి. రాగలిగినవాళ్లు ఇక్కడ పేరు రాయండి. లస్కరు గారూ, మీరు కూడా వస్తే మాకు ధైర్యం.

లంకగాలి (ఆత్రేయపురం)

నేనూ, మా ఇద్దరు పిల్లలూ. రేకులు తీసే ఇంట్లో ముందే చెప్పి ఉంచుతాను.

బొండాం (రావులపాలెం)

నేను రెడీ.

పాత లస్కరు (పి.గన్నవరం)

వస్తాను. వాడపల్లి నుంచి వచ్చే గట్టు దిగాక పుంతలో ఒక చిన్న తూము ఉండాలి. దాని మీద పలకలు సరిగ్గా ఉన్నాయో లేదో శుక్రవారం వెళ్లి చూసి ఇక్కడే రాస్తాను. బాగా లేకపోతే ముందు వంతెన దగ్గరే దిగిపోదాం.